గాలివాన వెళ్లాక గడప తొక్కేవాళ్లు: ఇంటి మరమ్మతుల మోసాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఇల్లున్నవారికి అక్టోబరు నెల అంటేనే గుండెల్లో దడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటలను ఊపేసింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటి భోగాపురం, పూసపాటిరేగ వైపు ఇళ్లను పీకి పెట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే ఒడ్డెక్కింది. ఆనాటి గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చింది, అక్టోబరు దాకా ఆగే ఓపిక దానికి లేకపోయింది.

గాలి తగ్గిన రెండో రోజు నుంచి ఇంకో రకం రాకపోకలు మొదలవుతాయి. నేను ఉద్దానంలో ఇళ్ల పనులు చేయించే మనిషిని. తుపాను తర్వాత ఊళ్లలో నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒకాయన తనంతట తానే ఇంటికి వచ్చి, "రేపే రేకులు వేసేస్తాను, సగం డబ్బు ఇప్పుడు ఇవ్వండి" అంటున్నాడు. ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. ఎందుకో చెబుతాను. తుపాను వెళ్లిన వారంలో పని వచ్చిన మేస్త్రి చేతిలో పదిహేను ఇళ్లుంటాయి. ఆయన ఫోను ఎత్తడు, ఎత్తినా "చూద్దాం" అంటాడు, మీరే రెండుసార్లు వెళ్లి బతిమాలాలి. అలాంటి వారంలో మీ వాకిట్లో నిలబడి "రేపే" అంటున్న మనిషికి చేతినిండా ఖాళీ ఎలా దొరికిందన్నది మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

నెత్తిన కప్పు లేనప్పుడు, మళ్లీ మబ్బు పడుతున్నప్పుడు ఎవరికైనా తొందరే. ఆ తొందరే వాళ్ల పెట్టుబడి. అందుకే ముందు ఆ తొందర తగ్గించుకోండి. గట్టి టార్పాలిన్ ఒకటి కప్పి, నాలుగు మూలలా ఇసుక బస్తాలు వేలాడదీస్తే వారం పది రోజులు గడుస్తాయి. టార్పాలిన్‌కు పెట్టిన డబ్బు మీకు మేస్త్రిని ఎంచుకునే వ్యవధిని కొనిపెడుతుంది. గాలి ఇంకా ఉండగానూ, పగుళ్లిచ్చిన సిమెంటు రేకుల మీదకూ మాత్రం ఎవరూ ఎక్కవద్దు.

బయటి ఊరి పనివాళ్లంతా మోసగాళ్లేనా?

కాదు. తిత్లీ తర్వాత ఒడిశాలోని బరంపురం వైపు నుంచి వచ్చిన కూలీలు లేకపోతే మా వీధిలో సగం ఇళ్లకు సంక్రాంతికి కూడా కప్పు పడేది కాదు. భాషను బట్టి మనిషిని అనుమానించడం తప్పు, పైగా దండగ. మనల్ని ముంచేవాళ్లలో చాలామంది మన యాసలోనే మాట్లాడతారు, మన చుట్టాల పేర్లు కూడా చెబుతారు.

మనిషి చిరునామా చూడండి. ఆయన ఇంతకు ముందు పని చేసిన ఇల్లు ఒకటి దగ్గర్లో ఉందా, ఆ ఇంటివాళ్లతో మీరు స్వయంగా మాట్లాడారా? తానిచ్చిన నంబరుకు తానే ఫోను కలిపి చేతికిస్తే అది విచారణ కాదు. వీలైతే బస్సెక్కి వెళ్లి ఆ కప్పు చూసి రండి. తాను సంస్థనని చెప్పి జీఎస్టీ నంబరు చూపిస్తే అందులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉండాలి. మన రాష్ట్రంలో నమోదైనదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో క్షణంలో తెలుస్తుంది.

అడ్వాన్సు అసలు ఇవ్వకూడదా?

సామాను డబ్బు వేరు, కూలి డబ్బు వేరు. ఈ రెండూ ఒకే చేతిలో పోయవద్దు. సామాను మీరే దుకాణానికి వెళ్లి, మీ పేరు మీద బిల్లు తీసుకుని కొనండి. మేస్త్రి తోడు రావచ్చు, డబ్బు మాత్రం మీ చేతి నుంచి దుకాణదారుకే వెళ్లాలి. కూలికి బయానాగా రెండు మూడు రోజుల కూలి ఇవ్వడం మర్యాదే, ఆయనా కూలీలను పిలుచుకోవాలి కదా. మిగిలినది పని నడిచే కొద్దీ ఇవ్వండి: దూలాలు, వాసాలు ఎక్కాక కొంత, రేకులు బిగించాక కొంత. ఒక వాన చూశాక ఇవ్వడానికి కొంత మీ దగ్గరే ఉంచుకోండి. చివరి భాగం చిన్నదే కావచ్చు, కారే చోటు సరిచేయడానికి మేస్త్రిని మళ్లీ మీ ఇంటికి రప్పించేది అదే.

గుత్తకు ఇస్తే ఇంకో జాగ్రత్త ఉంది. "మొత్తం ఇంతకు చేసేస్తా" అన్న మాటలో ఏ సామాను, ఎంత మందం, ఎన్ని హుక్కులు అన్నది లేకపోతే ఆ మొత్తానికి అర్థమే లేదు.

రేకుల్లో మోసం ఎలా జరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను. తిత్లీకి మా వంటగది కప్పు లేచిపోయింది. ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నవాడిని, అయినా వ్యానులో రేకులు తెచ్చి ఊరూరా అమ్ముతున్నవాడి దగ్గర కొన్నాను. వాడు చూపించిన నమూనా బాగుంది. దించిన కట్టలో పై నాలుగు రేకులూ బాగున్నాయి. నేను అంచులు లెక్కపెట్టానే గాని, కింది రేకు ఒక్కటీ ఎత్తి చూడలేదు. మిగిలినవి చేత్తో వంచితే వంగిపోయే పలచటి రకం. వ్యాను వెళ్లిపోయింది, ఫోను అదే రోజు మూగబోయింది. మా ఆవిడ ఇప్పటికీ కొత్తవాళ్ల ముందు ఈ కథ చెబుతుంటుంది.

అందుకని ప్రతి రేకూ ఎత్తి చూడండి, తూకం వేయండి. ఉక్కు రేకు అర మిల్లీమీటరు మందం ఉంటే, చదునుగా పరిచిన లెక్కన చదరపు మీటరుకు దాదాపు 3.9 కిలోలు తూగుతుంది. మందం 0.35 మిల్లీమీటరైతే 2.7 కిలోల చిల్లర. మాటలతో ఎంతైనా చెప్పవచ్చు, కాటా దగ్గర దాయడం కష్టం.

పాత రేకుల సంగతి మరొకటి. గాలికి పొలాల్లో పడ్డ రేకులను ఏరి, కడిగి, రంగు పూసి కొత్తవిగా అమ్మడం ఉంది. వెనక వైపు తిప్పి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. పాత హుక్కు రంధ్రాలకు అంటించిన లప్పం మచ్చలు కనిపిస్తాయి.

బిగింపు దగ్గర దాగే మోసం పైకి కనబడదు. రేకు ఎగిరిపోవడానికి ఎక్కువసార్లు కారణం రేకు కాదు, దాన్ని పట్టి ఉంచినది. గాలి కప్పును పైకి పీకుతుంది, నొక్కదు. అందుకే చూరు వెంట, నడికొప్పు దగ్గర, చివరి వాసాల మీద హుక్కులు దగ్గరదగ్గరగా పడాలి. రంధ్రం రేకు ఎత్తు మీద వేయాలి, పల్లంలో వేస్తే నీరంతా అందులోకే దిగుతుంది. ప్రతి హుక్కుకూ వాషరు ఉండాలి. పైరేకు కింది రేకు మీదకు కనీసం ఆరంగుళాలు ఎక్కి ఉండాలి. ఖర్చు మిగుల్చుకోవాలనుకునేవాడు ముందుగా హుక్కుల్లోనే కోస్తాడు. మీరు లెక్కపెట్టి ఇచ్చిన హుక్కులు సాయంత్రానికి ఎన్ని మిగిలాయో అడగండి. చాలా మిగిలితే సంతోషించవద్దు.

ఇనుము, సిమెంటు, ఇసుక విషయంలో ఏం చూడాలి?

ఇనుప చువ్వలకు చిన్న లెక్క ఉంది. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 395 గ్రాములు, 12 మీటర్ల పూర్తి చువ్వ సుమారు 4.7 కిలోలు. అంతే పొడవున్న 10 మిల్లీమీటర్ల చువ్వ 7.4, 12 మిల్లీమీటర్లదైతే 10.7 కిలోలు. కొద్ది శాతం తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంతకు మించి తగ్గితే, 10 అని చెప్పి తక్కువ లావు అంటగట్టారన్నమాట. చువ్వ మీద ఐఎస్ఐ గుర్తు, 1786 అన్న ప్రమాణం సంఖ్య ఉన్నాయో లేదో చూడండి.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలలు దాటిందైతే పరీక్ష చేయించకుండా వాడకూడదు. తుపానులో తడిసిన గోదాము సరుకు తక్కువ ధరకు బయటకు వస్తుంది. బస్తా అంచులు నొక్కితే గట్టిగా రాయిలా తగిలితే ఆ ధర మనకు వద్దు. ధర సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. "బిల్లు లేకుండా తీసుకుంటే 28 శాతం మిగులుతుంది" అని ఇప్పటికీ చెప్పేవాడు పాత పాట పాడుతున్నాడు. బిల్లు లేని సరుకు గురించి తర్వాత ఎక్కడా ఫిర్యాదు నిలవదు.

ఇక ఇసుక. తీరం ఊళ్లలో అందరికీ తెలిసీ ఎవరూ మాట్లాడని మోసం ఇది. వంశధార ఇసుక, నాగావళి ఇసుక అని చెప్పి సముద్రపు ఒడ్డు ఇసుక కలిపిన ట్రాక్టరు దించేస్తారు. అందులోని ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆ తుప్పు ఉబ్బి నాలుగైదేళ్లలో స్లాబు కింది పెచ్చులు రాలతాయి. గుప్పెడు ఇసుక గ్లాసు నీళ్లలో కలిపి, తేరాక ఆ నీటి చుక్క నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం తెలిసిపోతుంది. గవ్వ ముక్కలు కనిపిస్తే నాలుకతో కూడా పని లేదు.

స్లాబు కారుతోంది. "రసాయన పూత వేస్తాం, పదేళ్ల గ్యారంటీ" అంటున్నారు.

తడిసిన స్లాబు మీద వేసిన పూత చాలావరకు అంటుకోదు, ఎండ కాసి ఆరాకే ఆ పని. వానాకాలం మధ్యలో వచ్చి వేస్తామన్నవారికి రెండు నెలల తర్వాత రమ్మని చెప్పండి. రారు. వచ్చినవారితో పని చేయించాక నీటి గొట్టాలు మూసి, డాబా మీద రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ చూడండి. ఆ పరీక్షకు ఒప్పుకున్నవారికే చివరి డబ్బు. గ్యారంటీ కాగితం మీద ఫోను నంబరు తప్ప ఊరి పేరు లేకపోతే అది కాగితమే.

ఇంటి మీద చెట్టు పడింది. ఊరికే తీసేస్తామంటున్నారు.

ఏ చెట్టు? కొబ్బరి మాను అయితే తీసేవాడికి కూలి ఇవ్వాల్సిందే, అందులో తప్పు లేదు. ఉద్దానం పెరళ్లలో పడేది కొబ్బరి, జీడి ఒక్కటే కాదు, పనస కూడా. ముదురు పనస మాను తలుపులకు, మంచాలకు పనికొచ్చే కలప. ఇంటి మీద చెట్టు చూసి కంగారు పడ్డ ముసలమ్మకు "ఊరికే తీసి పెడతాం తల్లీ" అని సేవ చేసినట్టు చేసి, దుంగలు లారీ ఎక్కించుకుపోయినవాళ్లున్నారు. ముందు కలప ధర ఎవరినైనా అడగండి, తర్వాత కూలి మాట్లాడండి. కోత మొదలవకముందే చెట్టు, ఇంటి దెబ్బ రెండూ ఫొటో తీయండి.

కరెంటు తీగ మీద పడ్డ కొమ్మను మాత్రం ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ముట్టనివ్వద్దు.

వీధిలో కరెంటు రాలేదు. ట్రాన్స్‌ఫార్మరు మార్చడానికి ఇంటికి ఇంత అని వసూలు చేస్తున్నారు.

స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటరు దాకా వచ్చే లైను విద్యుత్ పంపిణీ సంస్థ పని. తుపానుకు కూలిన వాటిని నిలబెట్టడానికి వీధిలో చందా పోగు చేయనక్కర్లేదు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పగలూ రాత్రీ స్తంభాలెక్కే లైనుమనిషికి టీ, భోజనం పెట్టడం మన మంచితనం, నేనూ పెడతాను. ఇంటింటికీ జాబితా రాసి వసూలు చేయడం వేరు.

మీటరు తర్వాత ఇంట్లోని తీగలు మీవి, ఆ పని మీ ఎలక్ట్రీషియనే చేయాలి. ఇంకొకటి: "బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వచ్చే సందేశాలు దొంగవి. కరెంటే లేని ఊరికి అలాంటి సందేశం రావడం విచిత్రమే గాని, భయంలో ఎవరికీ అది తట్టదు.

నీళ్లు పరీక్ష చేస్తామని వచ్చి, గ్లాసులో నీటిని గోధుమరంగుగా మార్చి చూపించారు. మా నీళ్లు అంత చెడ్డవా?

ఆ పరికరంలో ఇనుప కడ్డీలుంటాయి. కరెంటు పెడితే ఇనుమే కరిగి నీటికి ఆ రంగు పట్టిస్తుంది. లవణాలున్న నీరు విద్యుత్తును మోస్తుంది కాబట్టి మంచి బావి నీరైనా రంగు మారుతుంది, లవణాలు తీసేసిన యంత్రపు నీరు మారదు. అంతే తమాషా. ఉద్దానంలో కిడ్నీ జబ్బు భయం ఎంత లోతుగా ఉందో ఆ యంత్రాలు అమ్ముకునేవాళ్లకు బాగా తెలుసు, అందుకే ఈ ఆట ఇక్కడ ఇంకా ఆడుతున్నారు. వరద నీరు చేరిన బావికి క్లోరిన్ వేయించండి, నీరు కాచి తాగండి, అనుమానముంటే ప్రభుత్వ నీటి పరీక్ష కేంద్రానికి నమూనా పంపండి.

నష్టపరిహారం రావాలంటే డబ్బు కట్టాలా?

ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. నష్టం లెక్కించడానికి రెవెన్యూ సిబ్బంది, గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు వస్తారు. వాళ్లు వచ్చేలోగా మరమ్మతు మొదలుపెట్టవలసి వస్తే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచండి, ఇల్లు, పక్కింటి గోడ కలిసి కనబడేలా.

2022 నుంచి 2026 మార్చి వరకు వర్తించేలా కేంద్రం ఇచ్చిన సహాయ ప్రమాణాల్లో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000. రాష్ట్రం తన వంతుగా పెంచి ఇవ్వవచ్చు. ఈ అంకెలు ఎందుకంటే, నాలుగు రేకులు లేచిన ఇంటికి "రెండు లక్షలు రాయిస్తా, నాకు ఇరవై వేలు" అనే దళారీ మాట ఎంత దూరంలో ఉందో మీకే తెలుస్తుంది. జాబితాలో పేరు లేకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి, లేదా 1100కు ఫోను చేయండి. సిబ్బందే లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ నంబరు 1064.

ఫోనులో "పరిహారం జమ చేస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అన్నా, వాట్సాప్‌లో ఫైలు పంపి తెరవమన్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నా ఆ పని చేయకండి, వెంటనే ఫోను పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు.

ఇంటికి బీమా ఉందో లేదో కూడా తెలియదు.

గృహ రుణం తీసుకుని ఉంటే బ్యాంకులో అడగండి, చాలామందికి రుణంతోపాటే బీమా కట్టి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను నష్టానికి రక్షణ ఉంది. నష్టం చూడటానికి వచ్చే సర్వేయరు ఫీజు బీమా సంస్థదే. "సర్వేయరుగారికి ఇవ్వాలి" అని మధ్యలో ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

కూలి రెట్టింపు అడుగుతున్నారు. ఇది మోసం కాదా?

కాదు. పని ఎక్కువ, మనుషులు తక్కువ. ధర ముందే చెప్పి ఆ ధరకే పని చేసినవాడు ఖరీదైనవాడు అవుతాడు, మోసగాడు కాడు. ఆగగలిగితే ఆగండి.

ఇంట్లో అమ్మానాన్న మాత్రమే ఉన్నారు, నేను చెన్నైలో ఉన్నాను. ఏం చేయాలి?

మా ప్రాంతంలో ఇది సగం ఇళ్ల కథ. మగవాళ్లు చెన్నైలోనో, గల్ఫ్‌లోనో, గుజరాత్ తీరంలో పడవల మీదనో ఉంటారు. ఇంటి దగ్గర పెద్దవాళ్లు, డబ్బు ఫోనులో. మోసగాడు దీన్ని రెండు వైపులా వాడుకుంటాడు. అమ్మతో "మీ అబ్బాయితో మాట్లాడాను, సరేనన్నాడు" అంటాడు. మీతో "అమ్మగారు వానలో కూర్చున్నారు, చూడలేకపోతున్నాను" అంటాడు. రెండోమాట వింటే ఏ కొడుకు ఆగగలడు?

పద్ధతి ఒకటి పెట్టుకోండి: అమ్మ ఫోను నుంచి వీడియో కాల్ వచ్చి, కప్పు, మేస్త్రి మొహం కనబడితేగాని డబ్బు కదలదు. పంపేది కూడా మేస్త్రికి కాక ఊళ్లో ఉన్న చిన్నాన్నకో, బావకో పంపండి. ఇచ్చేటప్పుడు ఒక మనిషి ఎదురుగా నిలబడి ఇస్తే చాలామంది దొంగలు ఆ ఇంటి జోలికి రారు.

మోసపోయాను. ఇప్పుడేం చేయాలి?

డబ్బు ఫోను ద్వారా వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి. సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపగలిగే అవకాశం ఉంటుంది, సిగ్గుపడి రాత్రంతా ఆలోచిస్తే ఆ అవకాశం పోతుంది. పోలీసు ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు, "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షను. వాడిన వాహనం నంబరు, ఫోను నంబరు, ఫొటో ఏది ఉంటే అది ఇవ్వండి.

పని చేసి చెడగొట్టినవాడైతే, నకిలీ సరుకు అమ్మిన దుకాణమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయాలి. అయిదు లక్షల వరకు విలువైన వాటికి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఊళ్లో కూడా చెప్పండి. నాకు రేకులు అమ్మిన వ్యాను నా తర్వాత మరో మూడు ఊళ్లు తిరిగిందని నెల తర్వాత తెలిసింది. నేను నోరు మూసుకుని కూర్చున్న నెల అది.

కాగితం రాయమంటే మేస్త్రి నొచ్చుకోడా?

నొచ్చుకుంటే టీ ఇచ్చి మళ్లీ అడగండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, నోటుపుస్తకం పేజీ చాలు. ఇలా రాయండి:

"ఫలానా తేదీన, ఫలానా ఊరు, ఫలానా మేస్త్రి, తండ్రి పేరు, ఫోను నంబరు. మా వంటగదికి అర మిల్లీమీటరు రేకులు పన్నెండు, వాసాలు ఆరు, హుక్కులు రేకుకు ఎనిమిది చొప్పున వేయాలి. సామాను ఇంటివారిది, కూలి ఇంత. బయానా ఇంత ముట్టింది. వాసాలు ఎక్కాక ఇంత, రేకులు బిగించాక ఇంత, మొదటి వాన తర్వాత ఇంత. ఫలానా తేదీకి పూర్తి చేయాలి. పాత రేకులు, కలప ఇంటివారివే."

కింద ఇద్దరి సంతకాలు, పక్కింటివారి సాక్షి సంతకం. రెండు ప్రతులు రాసి ఒకటి ఆయనకివ్వండి, మీ ప్రతిని ఫొటో తీసి చెన్నైలో ఉన్న అబ్బాయికి పంపండి.